పెళ్ళిచూపుల్లో ఆరు ఫ్లోట్లు

ఫ్లోట్ అంటే ఏమిటో తెలియనివాళ్ళ కోసం ముందే చెప్పేస్తాను. పొడుగాటి గాజు గ్లాసులో కూల్‌డ్రింక్ పోసి, పైన ఒక ఐస్‌క్రీం ముద్ద వేస్తారు. ముద్ద తేలుతుంది, డ్రింక్ బుసబుసా పొంగుతుంది, అది చూసి అమెరికావాళ్ళకు తమ తాతల కాలం గుర్తొచ్చి కళ్ళు చెమరుస్తాయట. ఇందులో అంతకుమించి వంట ఏమీ లేదు. మా తెనాలిలో పిల్లలెవరైనా ఇంట్లో ఈ పని చేసి ఉంటే వీపు విమానం మోత మోగేది. అమెరికాలో చేశారు కాబట్టి దానికో ప్రత్యేకమైన గ్లాసు, ఆ గ్లాసుకో పొడుగు చెంచా, ఆ చెంచాకో చరిత్ర ఏర్పడ్డాయి.

ఆస్ట్రేలియావాళ్ళు దీన్నే స్పైడర్ అంటారు. సాలీడుకూ దీనికీ ఏమిటి సంబంధమని ఆఫీసులో చాలామందిని అడిగాను. నురుగు సాలెగూడులా అల్లుకుంటుందని ఒకావిడ అంది. మాకూ తెలియదు, మా అమ్మమ్మ అలాగే అనేదని మిగిలినవాళ్ళన్నారు. నాకు రెండో జవాబే నచ్చింది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, నా ఆఖరి పెళ్ళిచూపులు ఆరు ఫ్లోట్ల సమక్షంలో జరిగాయి.

నేను మెల్‌బోర్న్‌లో ఒక కౌన్సిల్‌లో, అంటే మన మునిసిపాలిటీలాంటి దాంట్లో, పనిచేస్తాను. హోటళ్ళ వంటగదులు తనిఖీ చేయడం నా ఉద్యోగం. ఫ్రిజ్‌లో చల్లదనం సరిపోయిందా, కూరగాయలు తరిగే బోర్డులు కడిగారా, గోడ మూలన ఏమైనా పాకుతోందా, ఇవన్నీ చూసి రాసుకోవాలి. నేను తలుపు తోసుకుని లోపలికి వెళ్ళగానే వంటవాళ్ళ మొహాలు పాలిపోతాయి. అబ్బాయిల్ని కూడా అదే చూపు చూస్తానని, అందుకే ఏ సంబంధమూ కుదరట్లేదని మా వదిన అభిప్రాయం. ఆ మాట ఆవిడ నా మొహం మీద ఎప్పుడూ అనలేదు. నాకు వినపడేంత గట్టిగా ఫోన్లో వాళ్ళక్కతో అంది.

అప్పటికి నాకు ముప్పై రెండు. చదువుకోవడానికి వచ్చి, ఉద్యోగం దొరికి, శాశ్వతంగా ఉండటానికి పీఆర్ వచ్చి, రెండు గదుల యూనిట్ కొనుక్కుని స్థిరపడ్డాను. అన్నయ్య వాళ్ళుండేది టార్నీట్‌లో, నాకు పదిహేను నిమిషాల దూరం. అమ్మానాన్నలు నా పెళ్ళి బాధ్యత ఫోన్లోనే అన్నయ్యకు అప్పజెప్పారు. ఆయన దాన్ని ఆఫీసు ప్రాజెక్టులా తీసుకున్నాడు, అంటే స్ప్రెడ్‌షీట్ ఒకటి తయారయింది. అందులో నా పేరు పక్కన పసుపు రంగు ఉండేది. పెండింగ్‌కి ఆయన పెట్టుకున్న రంగు అది.

ఒక విషయం దాపరికం లేకుండా చెబుతాను, ఎందుకంటే అప్పట్లో ఎవరికీ చెప్పలేదు. నాకు పెళ్ళి కావాలనే ఉండేది. "నాకేం తొందర లేదు వదినా" అని నవ్వుతూ తిరిగేదాన్ని గానీ, ఆదివారం అన్నయ్య వాళ్ళింట్లో భోంచేసి, వదిన కట్టిచ్చిన కూర డబ్బా పట్టుకుని నా యూనిట్‌కి వచ్చి తాళం తీసే ఆ నిమిషం నాకు పరమ అసహ్యం. లోపల మనిషి అలికిడి ఉంటే ఎలా ఉంటుందో తెలుసుకోవాలని ఉండేది. అలాగని చూసిన ప్రతివాడినీ ఆ తలుపు వెనకాల ఊహించుకోలేను కదా. వచ్చిన సంబంధాల్లో ఒకాయన మొదటి ఫోన్లోనే నా సూపర్ ఎంత పోగైందని అడిగాడు. సూపర్ అంటే ఇక్కడ రిటైర్‌మెంట్ కోసం జీతంలోంచి పక్కన పడే డబ్బు. ఇంకొకాయన తన మొక్కల గురించి గంటసేపు మాట్లాడి, నా గురించి ఒక్క ప్రశ్న వేశాడు, మా ఇంటి వెనక ఎండ ఏ వైపు పడుతుందని. అందుకే అన్నయ్యతో తేల్చి చెప్పాను, ఇంకొక్కటి చూస్తాను, అదే ఆఖరు, ఆ తర్వాత ఈ విషయం ఎత్తొద్దని.

ఆ ఒక్కటి క్రాన్‌బర్న్ ఆంటీ తెచ్చింది. ఊరికి ఈ చివర మేము, ఆ చివర ఆవిడ. సంబంధాలు కుదర్చడం ఆవిడ చేసే సమాజసేవ. పైసా తీసుకోదు, మన మొహమాటం మాత్రం మొత్తం తీసుకుంటుంది. అబ్బాయి వాళ్ళది ఒంగోలు, పాతికేళ్ళ నుంచి సిడ్నీ పెండిల్ హిల్‌లో ఉంటున్నారు. తండ్రి రిటైరైన ఇంజినీరు. అబ్బాయికి ముప్పై నాలుగు. ఏం చేస్తాడని అన్నయ్య అడిగితే ఆంటీ ఒక్క క్షణం ఆగి, "ఎడ్యుకేషన్ ఫీల్డ్ బాబూ" అంది. యూనివర్సిటీలోనా అని అడిగితే, "ఆ లైన్లోనే" అంది. చివరికి తేలిందేమిటంటే అతను గవర్నమెంట్ హైస్కూల్లో లెక్కల మాస్టారు. మనవాళ్ళు ఈ దేశంలో సాఫ్ట్‌వేరు కానివాళ్ళ గురించి జైలు నుంచి విడుదలైనవాళ్ళ గురించి చెప్పినంత జాగ్రత్తగా చెబుతారు.

వాళ్ళు ముగ్గురూ ఏదో పెళ్ళికి మెల్‌బోర్న్ వస్తున్నారు. ఎక్కడ కలవాలన్నది వారం రోజుల చర్చ. ఇంటికి పిలిస్తే కమిట్ అయినట్టు లెక్క. పార్కులో అయితే చలి. ఇండియన్ రెస్టారెంట్ అయితే పక్క టేబుల్లో తెలిసినవాళ్ళు తేలతారు, సాయంత్రానికల్లా వాట్సాప్ గ్రూపుల్లో తాంబూలాలు పుచ్చేసుకుంటారు. వదిన బాగా ఆలోచించి ఒక అమెరికన్ డైనర్ కనిపెట్టింది. "అక్కడికి మనవాళ్ళెవరూ రారు. క్యాజువల్‌గా కూడా ఉంటుంది" అంది. "శనివారం ఆర్వో మూడింటికి" అని అన్నయ్య ఖాయం చేశాడు, ఆర్వో అంటే ఇక్కడివాళ్ళ భాషలో మధ్యాహ్నం.

అలా తెనాలివాళ్ళు, ఒంగోలువాళ్ళు ఆస్ట్రేలియాలో ఒక షాపింగ్ సెంటర్‌లో వేరే దేశపు పాత జ్ఞాపకాల మధ్య కూర్చున్నారు. నేల మీద నలుపు తెలుపు గళ్ళు. గోడల నిండా తోక రెక్కలున్న కార్ల ఫోటోలు. మూలన పాటల పెట్టె ఒకటుంది, దాని వెనక నుంచి ఫోన్ చార్జర్ వైరు కనపడుతోంది. ఎర్ర సోఫాలు ఎంత మెత్తగా ఉన్నాయంటే, కూర్చున్న ప్రతివాళ్ళూ ఆరంగుళాలు లోపలికి దిగిపోయి, టేబుల్ మీద తలలు మాత్రమే మిగిలాయి. గోడ మీద పెద్ద అక్షరాలతో పాత రోజుల్లోకి స్వాగతం అని ఇంగ్లీషులో రాసుంది. ఎవరి పాత రోజులో రాయలేదు.

అబ్బాయి తండ్రి ఆ గోడను చూసి, "ఓల్డ్ మెమరీస్" అని తృప్తిగా తలూపాడు. ఆయన పాత రోజులు గడిచింది ఒంగోలు బస్టాండు వెనక వీధిలో. అన్నయ్య వెంటనే అందుకుని, "అవునంకుల్, యూనీలో ఉన్నప్పుడు మేం ఇవి తెగ తాగేవాళ్ళం" అన్నాడు. యూనీలో ఉన్నప్పుడు ఆయన తాగింది పెరుగన్నంలో మిగిలిన మజ్జిగ. రెండేళ్ళు నేనే వండిపెట్టాను, నాకు తెలియదా? కానీ పెళ్ళిచూపులంటే అందరూ తమకు లేని గతాన్ని ఇస్త్రీ చేసి తెచ్చుకునే రోజు కదా, నేనూ నోరు మూసుకుని చిరునవ్వు పెట్టుకున్నాను.

మెనూ వచ్చింది. ఆరుగురం ఆరు మెనూలు శ్రద్ధగా చదివాం. తర్వాత ఆరుగురం "నాకేం వద్దండి, ఇప్పుడే భోంచేశాం" అన్నాం. ఆర్డర్ తీసుకునే అమ్మాయి పెన్ను పట్టుకుని నిలబడింది. ఏమీ తీసుకోకపోతే మర్యాద కాదని అన్నయ్య, "సరే, నేనొక ఫ్లోట్ తీసుకుంటా" అన్నాడు. వెంటనే అటు నుంచి ముగ్గురు, ఇటు నుంచి ఇద్దరు "సేమ్" అన్నారు. ఎదుటివాళ్ళకు శ్రమ ఇవ్వకూడదని మనం చేసే మొదటి పని, మనకేం కావాలో చెప్పకపోవడం.

"సో, సిక్స్ స్పైడర్స్" అని ఆ అమ్మాయి నవ్వుతూ రాసుకుంది. అబ్బాయి తల్లి కొడుకు వైపు వంగి, "వెజ్జేనా?" అని అడిగింది.

"వెజ్జే అమ్మా. ఐస్‌క్రీమే" అన్నాడతను. అతని నోటి నుంచి నేను విన్న మొదటి మాట అదే. ఎనిమిదేళ్ళప్పుడు సిడ్నీ వచ్చాడట. తెలుగు నెమ్మదిగా, ప్రతి మాటా తడిమి చూసుకుంటున్నట్టు మాట్లాడతాడు.

ఫ్లోట్లు వచ్చాయి. ఆరు గ్లాసులు, ఆరు తెల్లటి ముద్దలు, ఆరు పొంగులు. చూడ్డానికి బాగానే ఉన్నాయని ఒప్పుకోవాలి. ఫ్లోట్‌కి ఒక గుణం ఉంది, అది ఆగదు. వచ్చిన నిమిషంలోనే నురుగు అంచు దాటుతుంది. ఐదు నిమిషాలకు ముద్ద సగమవుతుంది. పది నిమిషాలకు అది చల్లదనం పోయిన తీపి పాలు. అంటే ఇది పెట్టగానే తాగాలన్న ఒకే ఒక్క షరతు మీద బతికే పదార్థం. దాన్ని తీసుకొచ్చి తెలుగువాళ్ళ పెళ్ళిచూపుల టేబుల్ మీద పెట్టారు.

"తీసుకోండి ఆంటీ" అన్నాడు అన్నయ్య.

"అయ్యో, ముందు మీరు తీసుకోండి బాబూ."

"మీరు గెస్టులు, ముందు మీరు కానివ్వండి."

"ముందు అమ్మాయిని తీసుకోమనండి" అన్నాడు తండ్రి.

"అంకుల్ తీసుకోకుండా తనెలా తీసుకుంటుందండీ" అంది వదిన, నా చెయ్యి ఎక్కడ కదులుతుందోనని ఓ కన్ను వేసి.

ఈ పద్ధతి తెలియనివాళ్ళకు ఇది తమాషాగా ఉంటుంది. ఊరు మాది, కాబట్టి ఆతిథ్యం మాది. అతిథులు ముట్టందే మేం ముట్టకూడదు. వాళ్ళేమో మగపెళ్ళివారు, అమ్మాయి తరఫువాళ్ళు మొదలుపెట్టకుండా మీద పడితే ఆబగా ఉన్నారనుకుంటారు. పెళ్ళికూతురు ముందుగా చెంచా ఎత్తితే ఆ కథ తరతరాలు చెప్పుకుంటారు. పెళ్ళికొడుకు ఎత్తితే పెంపకం తెలిసిపోతుంది. అందరూ గ్లాసును అరంగుళం ఎదుటివాళ్ళ వైపు జరపడం, ఎదుటివాళ్ళు దాన్ని తిరిగి అరంగుళం ఇటు జరపడం. ఆరు గ్లాసులు చదరంగం బంటుల్లా టేబుల్ మీద కదులుతున్నాయి గానీ ఆట సాగట్లేదు.

తర్వాత క్రాన్‌బర్న్ ఆంటీ ద్వారా తెలిసిన సంగతులు కలిపితే ఇంకా అందం. అబ్బాయి తల్లికి శనివారం ఒక్కపొద్దు. తండ్రికి షుగర్, గ్లాసు వైపు మాత్రం చాలా ప్రేమగా చూశాడు. మా వదినకి చల్లటిది తగిలితే సైనస్. అన్నయ్యకి ఇక్కడికొచ్చాక పాలు పడటం మానేశాయి. ఒక్కరైనా ఈ మాట పైకి అనలేదు, అంటే ఆర్డరిచ్చినవాళ్ళు నొచ్చుకుంటారని. ఆ టేబుల్ మీద ఆ డ్రింకు నిజంగా తాగాలని ఉన్నది ఇద్దరికే, అతనికీ నాకూ. ఆ ఇద్దరికీ ముందు ముట్టుకునే హక్కు లేదు.

నా గ్లాసు పొంగి టేబుల్ మీదికి కారడం మొదలుపెట్టింది. కొత్త చీర కొంగు ఎటు తప్పించాలో నాకు తెలియలేదు. అప్పుడు అతను, ఎవరి వైపూ చూడకుండా, పేపర్ నాప్కిన్లు నాలుగు తీసి పొడుగ్గా మడిచి నా గ్లాసు చుట్టూ కట్టలా పేర్చాడు. తర్వాత వాళ్ళమ్మ గ్లాసుకు, ఆ తర్వాత వదిన గ్లాసుకు. వరదలొచ్చినప్పుడు ఇసుక బస్తాలు వేసేవాళ్ళ శ్రద్ధ ఉంది ఆ చేతుల్లో. అన్నీ పేర్చాక మెల్లిగా, "ఇది కాసేపట్లో తాగేయాలండీ. తర్వాత ఇది వేరే ఐటెం" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. ఆపుకోలేదు. అతను చెంచా మీద చెయ్యి వేశాడు. నేనూ వేశాను. వాళ్ళమ్మ "నాన్నా" అంది, అంతే. అతను చెయ్యి తీసేశాడు. మా వదిన మోకాలు నా మోకాలిని తాకింది. నేనూ తీసేశాను. ఆ సినిమాలో వీరుడూ లేడు, వీరనారీ లేదు.

ఆర్డర్ తీసుకున్న అమ్మాయి వచ్చి, డ్రింక్స్‌లో ఏమైనా తేడా ఉందా అని ఆదుర్దాగా అడిగింది. ఆరుగురం ఒక్క గొంతుతో "నో నో, వెరీ నైస్" అన్నాం. ఒక్కరమూ రుచి చూడలేదు. ఆ అమ్మాయి వెళ్ళాక, పాపం బాధపడుతుందని అబ్బాయి తండ్రి, "అందరం ఒకేసారి కానిద్దాం" అని తీర్మానం చేశాడు. ఆరుగురం ఒకేసారి సైన్సు ల్యాబులో పరీక్ష చేస్తున్నట్టు స్ట్రాలు నోట్లో పెట్టుకున్నాం. నీరసపు తీపి, గ్యాసు పోయిన పాలు. "బావుందండీ" అన్నాడు అన్నయ్య. "భలే ఉంది బాబూ" అంది ఒక్కపొద్దున్న ఆవిడ, పెదవి కూడా తడవకుండా.

ఆ తర్వాత "పిల్లల్ని కాసేపు మాట్లాడుకోనిద్దాం" అనే ఘట్టం. ముప్పై నాలుగేళ్ళ పిల్లవాణ్ణీ, ముప్పై రెండేళ్ళ పిల్లనీ బయటికి పంపారు. బయట కూర్చోవడానికి ఒక బెంచీ ఉంది, పక్కనే సూపర్‌మార్కెట్ ట్రాలీలు గుచ్చి పెట్టే చోటు. ఎవరో ఒకరు వచ్చి మా పక్కనే ధడేల్మని ట్రాలీ తోసేసి పోతున్నారు. ఆ సంగీతంలో మేం కూర్చున్నాం.

"ఆ కిచెన్‌కి మీరైతే ఎన్ని మార్క్స్ వేస్తారండీ?" అని అడిగాడు.

"అది మా కౌన్సిల్ కిందికి రాదు. నాకు పవర్ లేదు" అన్నాను.

"పవర్ లేకుండా చెప్పండి."

"ఐస్‌క్రీం తీసే గరిటె నీళ్ళ డబ్బాలో పెట్టి ఉంచారు. ఆ నీళ్ళు పొద్దున్నుంచీ మార్చినట్టు లేరు."

"అందుకా మీరు తాగలేదు?"

"కాదు. మీరు తాగలేదని."

"నేనూ అంతే" అన్నాడు. ఇద్దరం ట్రాలీ తోసే ఆయన వెనక్కి తిరిగి చూసేంత గట్టిగా నవ్వాం. నా ఉద్యోగం గురించి అడిగిన మగవాళ్ళందరూ ఏ రెస్టారెంట్ మంచిదో చెప్పమని అడిగినవాళ్ళే. నేను ఏం చూస్తానో, ఎలా చూస్తానో అడిగింది ఇతనొక్కడే. అడిగి ఊరుకోలేదు, జవాబు చెప్పేదాకా ఆగాడు.

తన ఉద్యోగం గురించీ చెప్పాడు. "అమ్మ ఎడ్యుకేషన్ ఫీల్డ్ అంటుంది. నేను ఇయర్ ఎయిట్‌కి ఫ్రాక్షన్స్ చెప్తానండీ. నాకిష్టం. కానీ క్లాసులో ఆన్సర్ ఎవరికి తెలుసు అంటే ఎవరూ చెయ్యెత్తరు. తెలిసినవాళ్ళు కూడా. పక్కవాళ్ళు ఎత్తితే ఎత్తుదామని చూస్తారు."

"మరి మీరేం చేస్తారు?"

"వెయిట్ చేస్తాను. బాగా వెయిట్ చేస్తే ఎవరో ఒకరు ఎత్తుతారు."

ఇంకో పావుగంట కూర్చున్నాం. ఏం మాట్లాడుకున్నామో అంతా గుర్తు లేదు. ఒక్కటి మాత్రం మర్చిపోలేదు. నా యూనిట్ తలుపు గుర్తొచ్చింది. దాని వెనకాల ఈ మనిషి పేపర్లు దిద్దుకుంటూ కూర్చోవడం ఏ కష్టమూ లేకుండా కళ్ళ ముందుకొచ్చింది. నాకే భయం వేసింది.

లేచేముందు అతను ఫోన్ బయటికి తీసి, ఒక్క క్షణం చేతిలో తిప్పి, "నంబర్... పెద్దవాళ్ళ ద్వారా అడగడమే మర్యాదేమో కదండీ?" అన్నాడు.

పదమూడేళ్ళుగా ఈ దేశంలో సొంతంగా బతుకుతున్నదాన్ని, పిలవకుండా పరాయివాళ్ళ వంటింట్లోకి దూరి ఫ్రిజ్ తలుపు తీసేదాన్ని, "అవునండీ, అదే బావుంటుంది" అన్నాను.

కార్ పార్కులో వీడ్కోలు నలభై నిమిషాలు పట్టింది. ఆరుగురం కార్ల మధ్య నిలబడి, వెళ్ళొస్తామని నాలుగుసార్లు చెప్పుకుని, ఒంగోల్లో, తెనాలిలో ఉమ్మడి బంధువుల్ని ముగ్గుర్ని కనిపెట్టి, చివరికి ఎవరి కారు ముందు కదలాలన్న దగ్గర మళ్ళీ ఆగిపోయాం. వెనకాల ఎవరో హారన్ కొడితే గానీ ఆ సమస్య తేలలేదు.

ఆ తర్వాత మొదలైంది అసలు మర్యాద. మేం ముందు ఫోన్ చేస్తే అలుసైపోతామని అన్నయ్య, వదిన తేల్చారు. "అమ్మాయి తరఫువాళ్ళం, మీద పడ్డట్టుంటుంది. వాళ్ళని చెప్పనీ" అని క్రాన్‌బర్న్ ఆంటీ కూడా బలపరిచింది. మొదటి వారం అన్నయ్య ఫోన్ పక్కనే పెట్టుకుని తిరిగాడు. రెండో వారం వదిన, "లెక్కల మాస్టారేగా, అంత టెక్కేమిటి" అనడం మొదలుపెట్టింది. మూడో వారం ఇద్దరూ ఆ ఊసెత్తడం మానేశారు. మధ్యలో ఒకసారి అన్నయ్య నన్ను, "ఏమంటావ్?" అని అడిగాడు. "వాళ్ళేమంటారో చూద్దాం" అన్నాను. ఇంట్లో అందరూ అదే మాట అంటున్నారు, నేనూ అందులో నా వంతు కలిపాను.

ఖాళీగా కూర్చోలేదు లెండి. వాళ్ళ స్కూలు వెబ్‌సైట్ వెతికి పట్టుకున్నాను. లెక్కల డిపార్ట్‌మెంట్ ఫోటోలో అతను వెనక వరుసలో చివర నిలబడి ఉన్నాడు, సగం మొహం ముందున్నావిడ జుట్టు వెనక. ఆ సగం మొహాన్ని స్టవ్ మీద పాలు పొంగిపోయేదాకా చూశాను. కింద స్కూలు ఆఫీసు ఫోన్ నంబరు కూడా ఉంది. ఆ నంబరు నాకు నోటికొచ్చేసింది. ఒక్కసారి కూడా నొక్కలేదు. ఎందుకు నొక్కలేదంటే చెప్పడానికి గొప్ప కారణమేమీ లేదు. అడిగినదాన్ని అవుతానని సిగ్గు, అంతే. ఆ సిగ్గుకి మా ఇంట్లో పెట్టిన పేరు మర్యాద.

రెండు నెలలు పోయాక ఒక ఆదివారం మధ్యాహ్నం అన్నయ్య వాళ్ళింట్లో భోంచేస్తున్నాం. వదిన తన అన్నం ముగించి పైన బట్టలు మడతపెడుతోంది. క్రాన్‌బర్న్ ఆంటీ ఫోన్ చేసింది. అన్నయ్య చేతికి పప్పు అంటుకుని ఉండటంతో స్పీకర్ నొక్కాడు. ఆవిడ ముందు ఉసిరికాయ పచ్చడి గురించి అడిగింది, తర్వాత వాళ్ళ వైపు వానల గురించి చెప్పింది. ఆ వరసలోనే, "అన్నట్టు బాబూ, ఆ పెండిల్ హిల్ అబ్బాయికి కుదిరిందంట, బ్రిస్బేన్ సంబంధం. వచ్చే నెల ఎంగేజ్‌మెంటు" అంది.

"ఓ, మంచిదాంటీ" అన్నాడు అన్నయ్య.

"వాళ్ళమ్మ నిన్న సిడ్నీ నుంచి ఫోన్ చేసి చెప్పింది. మీ దగ్గర్నుంచి కబురొస్తుందేమోనని మూడు వారాలు చూశారంట. ఈ రోజుల్లో అబ్బాయి తరఫువాళ్ళు ముందు అడిగితే అమ్మాయిని ప్రెషర్ చేసినట్టుంటుంది, వాళ్ళని చెప్పనీ అని ఆ అబ్బాయే ఆగమన్నాడంట. మీరేం చెప్పకపోయేసరికి మీ అమ్మాయికి నచ్చలేదేమో అనుకున్నారు. పోన్లే, ఎవరి రాత వాళ్ళది. ఇంతకీ ఆ పచ్చడిలో మెంతిపిండి ఎప్పుడు వేస్తారు?"

మెంతిపిండి ఎప్పుడు వేస్తారో అన్నయ్యకు తెలియదు. నేనే చెప్పాను. గొంతు బాగానే ఉంది. ఆవిడ థాంక్స్ చెప్పి పెట్టేసింది.

అన్నయ్య చాలాసేపు కంచంలో అన్నం కలుపుతూనే ఉన్నాడు. మా అన్నయ్య మంచివాడు. ఇన్నేళ్ళూ నన్ను కనిపెట్టుకుని ఉన్నాడు, స్టేషన్ దగ్గర దింపాడు, జ్వరమొస్తే చారు తెచ్చాడు, నా బరువు తన బరువే అనుకున్నాడు. ఆయన మొహంలో ఏదో లెక్క తప్పిన భయం కనపడింది. తలెత్తి, ఈ రెండు నెలల్లో ఎవరూ అడగని ప్రశ్న అప్పుడు అడిగాడు.

"నీకు... నచ్చాడా ఏంటి?"

నాకు నచ్చాడు. చాలా నచ్చాడు. ఆ మనిషి వేరొకరికి భర్త కాబోతున్నాడన్న మాట విన్న ఆ నిమిషంలో, నాకు ఎంత కావలసినవాడో మొత్తం తెలిసింది. కానీ అన్నయ్య చెయ్యి అన్నంలోనే ఆగిపోయి ఉంది. నేను అవునంటే ఆయన ఆ ముద్ద తినలేడు, ఇంకెప్పటికీ ఆ మూడు వారాలు మర్చిపోలేడు.

"అంతేం లేదు అన్నయ్యా" అన్నాను.

ఆయన గట్టిగా ఊపిరి వదిలాడు. ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. "అదే అనుకున్నా" అన్నాడు, "నచ్చితే నువ్వు నాకు చెప్పేదానివిగా."

"చెప్పేదాన్నే అన్నయ్యా" అన్నాను.